గేముల్లో చూసిన వీధుల్లో తిండి కోసం తిరగాలంటే ఏ ఊరు, ఏ గేమ్?

మీరు అడిగింది టూకీగా ఇది: జపాన్ నేపథ్యంలో వచ్చిన గేములు చాలా ఆడారు, పది రోజులు సెలవు దొరికింది, ఆ వీధుల్లోనే తిరుగుతూ అక్కడి తిండి తినాలనుంది. ఏ ఊరు పెట్టుకోవాలి? వెళ్లేలోపు కొత్తగా రిలీజైన గేములు కొని ఆడాలా, పాతవి చాలా? బీఫ్ తినని మనిషికి ఇబ్బందవుతుందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒసాకా, ఫుకుఒకా పెట్టుకోండి. ఆరు రోజులు ఒసాకాలో, నాలుగు రోజులు ఫుకుఒకాలో. వెళ్లేలోపు ఆడాల్సింది 2015లో వచ్చిన యాకూజా 0, టైం ఉంటే యాకూజా 5. కొత్త రిలీజుల కోసం ఆగనక్కర్లేదు. బీఫ్ ముట్టకపోయినా ఈ రెండు ఊళ్లలో కడుపు నిండా తినొచ్చు. అసలు కష్టం పూర్తి శాకాహారులకే, దాని గురించి కింద రాస్తాను.

టోక్యో ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఎక్కువ గేములు టోక్యోలోనే జరుగుతాయి, నిజమే. కానీ టోక్యోలో గేమ్ చోట్లు ఒక మూల, మంచి తిండి ఇంకో మూల, గేములు అమ్మే కొట్లు మరో మూల ఉంటాయి. రోజులో సగం రైళ్లలోనే పోతుంది. ఒసాకాలో ఈ మూడూ ఒకే దారిలో కాలినడకన దొరుకుతాయి. తిండి కోసం వెళ్లినప్పుడు నడకే మీకు అసలు సాయం. తిన్నది అరగాలి, మళ్లీ ఆకలి వేయాలి, అప్పుడే ఇంకో కొట్టు ముందు నిలబడగలుగుతారు.

యాకూజా గేముల్లో ఈ సంగతి బాగా పట్టుకున్నారు. 2016లో వచ్చిన ఆరో భాగంలోనూ, ఆ తర్వాతి కివామి 2లోనూ హీరోకు కడుపు నిండిన కొలత ఒకటి స్క్రీన్ మీద కనిపిస్తుంది. నిండాక ఎంత డబ్బున్నా ఇంకో ప్లేటు తెప్పించలేరు. కాసేపు తిరగాలి, కొట్లాడాలి, అప్పుడు మళ్లీ హోటల్లోకి వెళ్లాలి. మీ పది రోజుల ప్లాన్‌కి కూడా ఇదే లెక్క పెట్టుకోండి. రోజుకు రెండు అసలైన భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, అంతే. లిస్టులో ముప్పై పేర్లు రాసుకుని వెళ్లినవాళ్లు మూడో రోజుకే తిండంటే మొహం తిప్పుకోవడం నేను చూశాను.

ఒసాకా: ఒక సాయంత్రం నడక

యాకూజా 0 కథ 1988 డిసెంబర్‌లో మొదలవుతుంది. అందులో మజిమా అనే హీరో తిరిగే సోతెన్‌బోరి అనే పేట ఒసాకాలోని దోతన్‌బోరిని చూసి కట్టిందే. కాలవ, దాని మీది వంతెన, రెండు వైపులా బోర్డులు, అన్నీ గేమ్‌లో ఎటు ఉన్నాయో నిజంలోనూ దాదాపు అటే ఉంటాయి. గేమ్ బాగా ఆడినవాళ్లకు మొదటిసారి వెళ్లినా దారి వెతుక్కునే పని పెద్దగా ఉండదు. కాళ్లు కదిలిస్తూ గోడ మీద నిలబడ్డ ఆ పెద్ద పీత బొమ్మ, కానీ దోరకు హోటల్‌ది, గేమ్‌లోనూ కనిపిస్తుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. గేమ్‌లో ఊరు ఆ ఏడాదికి ఆగిపోతుంది, అసలు ఊరు ఆగదు. బుర్రచేప ఆకారంలో పెద్ద లాంతరు వేలాడదీసిన జుబోరాయా హోటల్ 2020లో మూతపడింది, లాంతరు కూడా తీసేశారు. గేమ్‌లో చూసిన ప్రతి బోర్డూ ఉండాలని పట్టుబట్టి వెళితే బాధే మిగులుతుంది.

నేను ఎవరికైనా చెప్పే దారి ఇది. మధ్యాహ్నం మూడింటికి కురొమొన్ బజారు దగ్గర మొదలుపెట్టండి. అక్కడ తినమని చెప్పడం లేదు. టూరిస్టులు పెరిగి ధరలు బాగా ఎక్కాయి. చేపలు, పీతలు, పళ్లు చూసుకుంటూ దాటేయండి. అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే నిప్పొన్‌బాషిలోని దెన్ దెన్ టౌన్. పాత గేములు, పాత మెషీన్లు, బొమ్మలు అమ్మే కొట్లు వీధి పొడుగునా ఉంటాయి. టోక్యోలోని అకిహబారా కంటే రద్దీ తక్కువ, కొట్టువాళ్లకు తీరిక ఎక్కువ. ఇంకా దక్షిణంగా వెళితే త్సూతెన్‌కాకు టవర్, దాని చుట్టూ షిన్‌సెకాయ్. దోతన్‌బోరి వంతెన నుంచి ఈ టవర్ దాకా మొత్తం రెండు కిలోమీటర్లే.

షిన్‌సెకాయ్‌లో తినాల్సింది కుషికాత్సు. పుల్లకు గుచ్చి, సన్నటి రొట్టె పొడి అద్ది నూనెలో వేయించినవి. కౌంటర్ ముందు కూర్చోండి, టేబుల్ వద్దు. కౌంటర్ దగ్గరైతే వేయించే మనిషి చేతులు కనిపిస్తాయి. పుల్లను పిండిలో ముంచి పొడిలో దొర్లించడం, నూనెలో బుడగల చప్పుడు పలచబడగానే పైకి తీయడం, రెండుసార్లు దులిపి మీ ముందున్న ఇనుప పళ్లెంలో పెట్టడం. తామర వేరు, గుడ్డు, ఉల్లిపాయ, రొయ్య, చిలగడదుంప ఇవన్నీ విడివిడిగా చెప్పుకోవచ్చు. ఒక్కో పుల్ల 100 నుంచి 250 యెన్ల మధ్య ఉంటుంది. పలచటి నల్ల సాస్ అందరికీ కలిపి ఒకే డబ్బాలో ఉంటే ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్లీ ముంచకూడదు. ఇప్పుడు చాలాచోట్ల సాస్ సీసాల్లో ఇస్తున్నారు, అప్పుడు ఆ గొడవ లేదు. పచ్చి క్యాబేజీ ముక్కలు ఊరికే ఇస్తారు. వాటిని వదిలేయకండి. నూనె తిన్న నోటికి అవే మందు, ఇంకో నాలుగు పుల్లలు లోపలికి పోతాయి.

రాత్రికి మళ్లీ దోతన్‌బోరి వెనక్కి రండి. పెద్ద వీధి వెనకే హోజెన్‌జి యొకోచో అనే సన్నటి రాతి సందు ఉంది. అక్కడ నాచు పట్టి పచ్చగా మారిపోయిన ఫుదో అనే బౌద్ధ దేవుడి విగ్రహం మీద జనం నీళ్లు పోసి మొక్కుతుంటారు. పక్కనే మెఒతో జెన్‌జాయ్ అనే కొట్టులో ఎర్ర చిక్కుళ్ల తీపి పాయసం అమ్ముతారు. ఒక్కరే వెళ్లినా రెండు చిన్న గిన్నెల్లో పెట్టి ఇస్తారు, అది వాళ్ల పద్ధతి. పెద్ద వీధిలో టకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చే పిండి ఉండలు) కోసం నలభై నిమిషాలు లైన్లో నిలబడే కంటే ఈ సందులో కూర్చోవడమే నాకిష్టం. టకోయాకి తినొద్దని కాదు. పొడవైన లైన్ ఉన్న చోటే బాగుంటుందని అనుకోవద్దు. అప్పుడే బాండీ గుంటల్లోంచి తీస్తున్న చోట తీసుకోండి. చల్లారిన టకోయాకి, రుచి ఎంత మంచిదైనా, పిండిముద్దే. వేడిదైతే లోపల జావలా ఉంటుంది, నాలుక కాలకుండా ముందు పుల్లతో చీల్చి ఆవిరి పోనివ్వండి.

ఫుకుఒకా: యాకూజా 5 ఎందుకంటే

2012లో జపాన్‌లో వచ్చిన యాకూజా 5 మొదట్లో హీరో కిర్యూ ఫుకుఒకాలో టాక్సీ నడుపుకుంటూ బతుకుతుంటాడు. అందులోని నగసుగాయ్ అనే పేట అసలు ఊళ్లో నకాసు. రెండు నదుల మధ్య ఉన్న చిన్న లంక. సాయంత్రమైతే ఒడ్డున యతాయ్ అనే బండ్లు వరసగా తెరుస్తారు. ఊరు మొత్తం మీద ఇలాంటివి వంద దాకా ఉంటాయి. ఒక్కో బండికి ఎనిమిది, పది సీట్లు. వీటికి నగరపాలక సంస్థ 2013లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది. లైసెన్సు ఉండాలి, పచ్చి చేప లాంటివి వడ్డించకూడదు, పగలు బండి తీసేయాలి.

వెళ్లే ముందు కొన్ని విషయాలు తెలుసుకుంటే ఇబ్బంది పడరు. గట్టి వాన వస్తే చాలా బండ్లు తెరవరు, కాబట్టి ఆఖరి రాత్రికి వాయిదా వేయొద్దు. నగదు దగ్గర పెట్టుకోండి. మనిషికి ఒక డ్రింక్, ఒక వంటకం అయినా చెప్పడం మర్యాద. తినేశాక సీటు పట్టుకుని కూర్చోకండి, వెనక జనం నిలబడి ఉంటారు. టాయిలెట్ ఉండదు, ముందే చూసుకుని వెళ్లండి. నకాసు ఒడ్డున ఉన్న వరస ఫోటోల్లో బాగుంటుంది కానీ టూరిస్టులే ఎక్కువ. తెంజిన్ వైపు బండ్లలో ఆఫీసుల నుంచి వచ్చిన ఊరివాళ్లు కనిపిస్తారు. నేనైతే ఒక రాత్రి నకాసులో తిరిగి చూసి, తెంజిన్‌లో తింటాను.

ఇక రామెన్, అంటే పులుసులో వేసిన నూడుల్స్. ఈ ఊరి రామెన్ పంది ఎముకలను గంటల తరబడి మరిగించిన తెల్లటి పులుసులో వస్తుంది. నూడుల్స్ చాలా సన్నం. గిన్నెలో కాసేపుంటే మెత్తబడిపోతాయి కనుక ఒకేసారి ఎక్కువ వేయరు. తింటూ తింటూ, పులుసు ఇంకా మిగిలి ఉండగానే, "కయెదామా" అని చెప్తే ఇంకో ముద్ద ఉడికించి అదే గిన్నెలో వేస్తారు. 100 నుంచి 200 యెన్లు. కాబట్టి పులుసు ముందే తాగేయకండి.

చాలా కొట్లలో తలుపు పక్కనే టికెట్ మెషీన్ ఉంటుంది. డబ్బు వేసి, బటన్ నొక్కి, వచ్చిన చీటీ కౌంటర్ మీద పెట్టాలి. బటన్ల మీద ఉన్నది చదవలేకపోతే కంగారు వద్దు. సాధారణంగా పైన ఎడమవైపు మొదటి బటన్ ఆ కొట్టులో ఎక్కువ మంది తినేది. 1,000 యెన్ల నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకోండి, పాత మెషీన్లు 5,000, 10,000 నోట్లు తీసుకోవు. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని గుర్తించని మెషీన్లు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. వెనక నలుగురు నిలబడి ఉండగా నోటు బయటికి తిరిగొస్తుంటే వచ్చే టెన్షన్ ఎవరికీ వద్దు.

ఒసాకాలోని షిన్-ఒసాకా స్టేషన్ నుంచి ఫుకుఒకాలోని హకాతా స్టేషన్‌కు షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు. ఈ ఒక్క ప్రయాణం కోసం దేశమంతా తిరిగే జేఆర్ రైలు పాస్ కొనకండి. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకు పెంచారు. విడి టికెట్టే చవక. తిరుగు విమానం ఫుకుఒకా నుంచే చూసుకోండి. అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి హకాతా స్టేషన్‌కు మెట్రోలో ఐదు నిమిషాలే, కనుక ఆఖరి రోజు మధ్యాహ్న భోజనం కూడా పోదు.

కొత్త రిలీజుల సంగతి

రిలీజ్ రోజు ఉత్సాహం నాకూ ఉంటుంది. మంచి గేమ్ వస్తుందంటే ఆ వారం ఇంకో పని పెట్టుకోను. కానీ తిండి ప్రయాణానికి దారి చూపించే విషయంలో కొత్త పెద్ద గేములు పాతవాటి ముందు దిగదుడుపే. కారణం చెప్తాను. ఈ మధ్య జపాన్ నేపథ్యంలో పెద్ద బడ్జెట్‌తో వచ్చినవాటిలో చాలా మటుకు చరిత్ర కథలు. 2025 మార్చిలో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్ పదహారో శతాబ్దానిది, అదే ఏడాది అక్టోబర్ 2న వచ్చిన ఘోస్ట్ ఆఫ్ యోటే 1603 నాటిది. ఆ కాలపు వీధి ఇప్పుడు లేదు, ఆ కాలపు తిండి కూడా చాలా మటుకు లేదు.

యోటే సంగతే తీసుకోండి. కథ నడిచేది జపాన్ ఉత్తరాన ఉన్న ఇప్పటి హొక్కాయ్‌డో దీవిలో. ఈ రోజు హొక్కాయ్‌డో అనగానే జనం చెప్పే బంగాళాదుంపలు, వెన్న, పాలు అన్నీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, మెయ్‌జీ కాలంలో అక్కడ స్థిరపడ్డవి. సప్పొరో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రామెన్ ఇంకా తర్వాతిది, 1950ల నాటిది. గేమ్‌లోని హీరోయిన్ వీటిలో ఒక్కటీ తిని ఉండదు. అందుకని వెళ్లొద్దని అనను. ఆ గేమ్ మీకు నచ్చి ఉంటే తిండి వైపు నుంచి రెండు మంచి కారణాలున్నాయి. ఒకటి అక్కడి ఆదివాసులైన ఐనూ ప్రజల వంట. సాల్మన్ చేప లేదా జింక మాంసం, అడవి ఆకుకూరలు, దుంపలు వేసి కాచే ఒహావ్ అనే పులుసు ఆ కాలపు రుచికి దగ్గరగా ఉండేది. షిరావొయ్‌లో 2020లో తెరిచిన ఉపొపొయ్ అనే ఐనూ మ్యూజియానికి వెళితే ఐనూల జీవితం, వంట రెండింటి గురించీ తెలుస్తుంది. రెండోది నీళ్లు. 1,898 మీటర్ల యోటే కొండ మీది మంచు కరిగి, రాళ్లలోంచి ఇంకి, క్యోగొకు దగ్గర ఫుకిదాషి పార్కులో ఊటలా పైకొస్తుంది. రోజుకు 80,000 టన్నులంటారు. ఊరివాళ్లు డబ్బాలు తెచ్చి పట్టుకెళతారు, మీరు సీసా పెట్టి పట్టుకోవచ్చు. పళ్లు జివ్వుమనే చల్లదనం. ఆ నీళ్లతో కాచిన కాఫీ, పక్కనే కుచ్చాన్ చేలల్లో పండిన బంగాళాదుంప ఉడకబెట్టి వెన్న వేసింది, ఈ రెండూ గేమ్‌లో లేకపోయినా ఆ కొండను చూస్తూ తినాల్సినవే.

కొత్తవాటిలో నేను మెచ్చుకునే మినహాయింపు 2025 సెప్టెంబర్ 25న వచ్చిన సైలెంట్ హిల్ ఎఫ్. 1960ల నాటి కథ. అందులోని ఊరికి నమూనా గిఫు రాష్ట్రంలోని కనయామా. ఇళ్ల మధ్య ఇరుకు సందులు, మెట్లు, వాగు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నగోయా నుంచి హిదా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లొచ్చు. ఆ చుట్టుపక్కల కెయ్‌చాన్ అనే కోడి వంటకం ఉంటుంది. మిసోలో నానబెట్టిన కోడి ముక్కలు, క్యాబేజీ, ఉల్లిపాయ కలిపి పెనం మీద వేయించుకుని తినడం. బీఫ్ తినని మీకు అచ్చంగా సరిపోతుంది. దయ్యాల గేమ్ ఆడి వచ్చామని ఆ సందుల్లో అర్ధరాత్రి అరుపులు, వీడియోలు మాత్రం వద్దు. అవి జనం కాపురముండే ఇళ్లు.

ఇంకో మాట. రిలీజ్ సమయంలో పెట్టే గేమ్ థీమ్ కేఫ్‌ల కోసం ప్రయాణం తేదీలు మార్చుకోకండి. అన్నం మీద బొమ్మ బాగుంటుంది, అన్నం మామూలుగానే ఉంటుంది. ఒకటి సరదాకు చూడాలంటే పోకెమాన్ కేఫ్ ఒసాకాలోనూ ఉంది, నెల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి. క్యోటో దగ్గరి ఉజిలోని నింటెండో మ్యూజియం మాత్రం మినహాయింపు, అది చూడదగ్గదే. 2024 అక్టోబర్‌లో తెరిచారు. టికెట్ మూడు నెలల ముందు లాటరీలో తగలాలి, గేటు దగ్గర అమ్మరు. తగిలితే ఆ రోజంతా ఉజిలోనే గడపండి. జపాన్ గ్రీన్ టీకి పేరుమోసిన ఊరు అది. మ్యూజియం లోపల బర్గర్ తినేకంటే బయట బ్యోదొఇన్ గుడి దారిలో టీ పొడి కలిపిన సోబా నూడుల్స్, టీ ఐస్‌క్రీం తినడం మేలు.

టోక్యో వదల్లేమంటే

అలాంటప్పుడు రెండు రోజులు తీయండి, రెండే చోట్లు. పర్సోనా 5లోని యొంగెన్-జాయా అసలు పేరు సంగెన్‌జాయా, షిబుయా నుంచి రైల్లో రెండో స్టేషన్. గేమ్‌లో కేఫ్ యజమాని నేర్పించే కూర (అన్నంతో తినే జపాన్ కర్రీ), కాఫీ గుర్తున్నాయి కదా. ఆ కేఫ్ కోసం ఇల్లిల్లూ వెతక్కండి. స్టేషన్ పక్కన త్రికోణంలో ఉన్న సందుల్లో చిన్న చిన్న కొట్లు ఉన్నాయి, నచ్చిన దాంట్లో కూర్చోండి. కూర కోసమైతే పాత పుస్తకాల పేట జింబోచోకు వెళ్లండి. అది కూడా గేమ్‌లో ఉంది, టోక్యోలో కూర కొట్లకు పేరు దానిదే.

రెండోది టోక్యోకు దక్షిణాన ఉన్న రేవు ఊరు యొకోసుకా. 1999 డిసెంబర్‌లో డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ మెషీన్ మీద వచ్చిన షెన్‌మూ కథ అక్కడే, 1986లో జరుగుతుంది. అదే 1999లో ఆ ఊరు తనను కూర ఊరిగా ప్రకటించుకుంది. 1908 నాటి నౌకాదళ వంట పుస్తకం ప్రకారం వండే కూర, అన్నం, పక్కన సలాడ్, ఒక గ్లాసు పాలు తప్పనిసరి. గేమ్‌లోని దొబుయితా వీధిలోనే తినొచ్చు. మీకు మాత్రం ఒక జాగ్రత్త, ఆ కూరలో సాధారణంగా బీఫే ఉంటుంది. కోడితో చేసేది ఏ కొట్టులో ఉందో ముందే చూసుకుని వెళ్లండి.

బీఫ్, శాకాహారం

ఒసాకాలో మెనూలో ఊరికే "నికు" అని ఉంటే అది బీఫ్ అని అర్థం. నికు ఉదాన్ అంటే బీఫ్ వేసిన లావు నూడుల్సే. గ్యూదోన్ (అన్నం మీద బీఫ్ వేసిన గిన్నె) కొట్లలో పంది మాంసం గిన్నె వేరుగా దొరుకుతుంది. బీఫ్ కనిపించకుండా వచ్చేది కూర వండటానికి వాడే మసాలా ముద్దల్లో. జపాన్ కూర కోసం అమ్మే ఆ గట్టి ముద్దల్లో చాలావాటికి బీఫ్ కొవ్వో, రసమో కలుపుతారు, పైన వేసేది కోడైనా సరే. ఒకొనొమియాకిలో (క్యాబేజీ, పిండి కలిపి పెనం మీద కాల్చే అట్టు) మామూలుగా వేసేది పంది ముక్కలు, రొయ్యలతో అడగొచ్చు.

మీతో శాకాహారులు వస్తుంటే పరిస్థితి వేరు. కూరగాయల ఉదాన్ అని రాసున్నా పులుసు ఎండబెట్టిన బొనితో చేపతో కాచినదే. రోజుకు ఒక పూటైనా గుడి భోజనమో, ముందే చూసుకున్న శాకాహార హోటలో లేకుండా నెగ్గుకురావడం కష్టం. అలాంటి వాళ్లుంటే నా సలహా జపాన్ మానేసి తైవాన్ రాజధాని తైపేకు వెళ్లండి. బౌద్ధుల వల్ల అక్కడ శాకాహార భోజనం వీధి వీధికీ ఉంటుంది. ప్లేటులో నచ్చినవి వడ్డించుకుంటే తూకం వేసి డబ్బు తీసుకునే బఫేలు అక్కడ మామూలు. గేములకు గ్వాంగ్ హువా డిజిటల్ ప్లాజా ఉంది, మెయిన్ స్టేషన్ కింద భూగర్భ బజారు ఉంది. తైపే గేమ్ షో జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో జరుగుతుంది. చలికాలం కనుక వేడి సోయా పాలు, అల్లం పులుసులో తీపి ఉండలు ఇంకా బాగా దిగుతాయి.

హాంకాంగ్‌ను కూడా గుర్తు చేస్తాను, మీరు అక్కడే నడిచే 2012 నాటి స్లీపింగ్ డాగ్స్ గేమ్ ఆడి ఉంటే. షామ్ షుయ్ పో పేటలో గోల్డెన్ కంప్యూటర్ ఆర్కేడ్ గేమ్ కొట్లు, దాని చుట్టూ నాలుగు వీధుల్లో ఊరి మొత్తానికి చవకైన తిండి. కుంగ్ వో అనే కొట్టులో టోఫు పుడ్డింగ్ తినండి, సిల్క్ లాగా జారిపోతుంది. షెన్‌మూ రెండో భాగంలో చూసిన కౌలూన్ కోట ఇప్పుడు లేదు, కూల్చి 1995లో పార్కు చేశారు. ఆ పార్కు పక్క వీధుల్లో థాయ్ కుటుంబాల హోటళ్లు ఉన్నాయి. కారం కోసం నాలుక పీకుతుంటే అక్కడికి పోవచ్చు.

చైనాలో శాంక్సీ గురించి వేరే జవాబే రాయాలి. 2024 ఆగస్టు 20న బ్లాక్ మిత్: వూకాంగ్ వచ్చాక అక్కడికి జనం విరగబడ్డారు, గేమ్ కోసం చిత్రీకరించిన 36 చోట్లలో 27 ఆ రాష్ట్రంలోనివే. దాతోంగ్‌లో దిగి, యుంగాంగ్ గుహలు చూసి, పిండి ముద్దను చేత్తో పట్టుకుని మరుగుతున్న నీళ్లలోకి కత్తితో చెక్కే నూడుల్స్ తినాలి. ముక్కలు గాల్లోంచి వరసగా ఎగిరి బాండీలో పడుతుంటాయి. మధ్యలో మందం, అంచుల్లో పలచన, పైన ఆ ఊరి నల్ల వెనిగర్. అంచు నోట్లో కరిగిపోతే మధ్యభాగం పంటి కింద ఆగుతుంది. అయితే భాష, దూరాలు కలిపి చూస్తే మొదటి ప్రయాణానికి అది బరువు. రెండోసారికి పెట్టుకోండి.

ఆఖరుగా గేములు కొనడం గురించి. నింటెండో స్విచ్ మెషీన్ గేములకు దేశం అడ్డు లేదు, కానీ జపాన్ కాపీలన్నిటిలో ఇంగ్లిష్ ఉండదు. అట్ట వెనక భాషల వరస చూసి కొనండి. స్విచ్ 2 మెషీన్ అక్కడ 2025 జూన్‌లో 49,980 యెన్లకు పెట్టారంటే చవకనిపిస్తుంది, అది జపనీస్ భాష మాత్రమే ఉన్న రకం. మెషీన్ మెనూ భాష మార్చలేరు, అకౌంట్ కూడా జపాన్‌దే కావాలి. అన్ని భాషలున్న దానికి 69,980 పెట్టారు. విమానంలో ఆడుకోవడానికి మీ మెషీన్ తీసుకెళుతుంటే పవర్ బ్యాంక్ చేతి బ్యాగులో సీటు దగ్గరే ఉంచుకోండి. 2025 జూలై నుంచి జపాన్ విమాన సంస్థలు దాన్ని పై అరలో పెట్టొద్దంటున్నాయి.

వెళ్లే నెల, ఒసాకాలో ఉండే చోటు చెప్తే రోజువారీగా ఏ పూట ఎక్కడ తినాలో రాసిస్తాను. గది నంబా, ఎబిసుచో స్టేషన్ల మధ్య దొరికితే వదలకండి, పైన చెప్పిన నడకంతా ఇంటి ముందే ఉంటుంది.